గోలకొండ పత్రికాధిపతి సురవరం ప్రతాపరెడ్డి

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు విచారణలలోని పెద్దలకు సురవరం ప్రతాపరెడ్డిగారి పేరు కొత్త కాదు. ఆయన 1896 మే 28న నేటి గద్వాల జిల్లాలోని బోరవెల్లిలో జన్మించారు. స్వగ్రామం ఇటిక్యాలపాడు. కర్నూలులోనూ మద్రాసులోనూ చదువుకొని, న్యాయశాస్త్ర పట్టా పొంది, హైదరాబాదు చేరారు.

అవి నిజాం పాలన నాటి రోజులు. బడిలోనూ కచేరీలోనూ ఉర్దూదే పెత్తనం. తెలుగు మాట్లాడేవారంటే చిన్నచూపు. తర్వాతి సంవత్సరాలలో సభ జరపాలన్నా గస్తీ 53 ప్రకారం ముందుగా సర్కారు అనుమతి తెచ్చుకోవలసి వచ్చేది. అటువంటి చోట 1926 మే 10న ఆయన గోలకొండ పత్రికను ప్రారంభించారు. తెలుగు భాషకు సేవ చేయడం, జాతి మత కుల భేదం లేకుండా ఆంధ్రులందరి అభివృద్ధికి పాటుపడడం ఆ పత్రిక ఆశయాలు.

ఇక్కడ మనం గమనించవలసిన సంగతి ఒకటుంది. ప్రతాపరెడ్డిగారు తన మతాన్ని దాచుకున్నవారు కాదు. హిందువుల పండుగల మీద, రామాయణం మీద పుస్తకాలు రాశారు. అయినా తన పత్రిక సేవకు మతాన్ని హద్దుగా పెట్టలేదు. తన విశ్వాసం తనది, న్యాయం అందరిదీ అన్నట్టు నడుచుకున్నారు.

1930లో జోగిపేటలో జరిగిన తొలి ఆంధ్ర మహాసభకు ఆయనే అధ్యక్షులు. తెలంగాణలో కవులే లేరని ఒకరు తేలికచేసి రాస్తే, ఆయన తిట్టుకు తిట్టు బదులివ్వలేదు. ఊరూరా వివరాలు సేకరించి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. 1949లో వచ్చిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో రాజుల యుద్ధాలకన్న సామాన్యుల తిండికీ, బట్టకూ, ఆటపాటలకూ పెద్దపీట వేశారు. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. 1955లో ఆ చరిత్ర గ్రంథానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. తెలుగులో ఆ గౌరవం పొందిన మొదటి పుస్తకం అదే.

1950లో అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం 25వ అధికరణంలో విశ్వాస స్వేచ్ఛనూ, 15వ అధికరణంలో వివక్ష నుంచి రక్షణనూ ఇచ్చింది. కాని అదే సంవత్సరపు రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులను చేర్చలేదు. విశ్వాసాన్ని ఎంచుకున్నందుకు రక్షణ కోల్పోవడం వారి బాధ. ఆ న్యాయం అడగడం మన హక్కు.

అయితే అడిగేవారి ఇల్లు ముందు శుభ్రంగా ఉండాలి. ఎవరి మనస్సాక్షినీ బలవంతం చేయరాదని రెండవ వాటికన్ మహాసభ 1965లో ప్రకటించింది. ఏ వివక్షా తగదని కూడా చెప్పింది. మరి మన గుడిలో, మన సమాధుల తోటలో, మన పెళ్ళి సంబంధాలలో కులం అడగడం మానేశామా? పొరుగున ఉన్న వేరే మతస్థునికి మన గుమ్మంలో గౌరవం దక్కుతోందా? పాలమూరు గడ్డ మీద పుట్టిన ఈ పెద్దమనిషిని తలచుకుంటూ, ఈ వారం కుటుంబ ప్రార్థన ముగిశాక ఈ ప్రశ్నలకు ఇంటిల్లిపాదీ కలసి జవాబు వెతుకుదాం.