కెప్టెన్ టోపీ

1862 మే 13, తెల్లవారుజాము మూడు గంటలు. అమెరికాలో సౌత్ కరోలినా రాష్ట్రం, చార్ల్‌స్టన్ రేవు. దక్షిణాది సైన్యం వాడే 'ప్లాంటర్' అనే స్టీమర్‌లో తెల్ల ఆఫీసర్లు ముగ్గురూ రూల్స్ పక్కనపెట్టి, రాత్రికి ఒడ్డు మీదకి వెళ్లిపోయారు. మిగిలింది బానిసలైన సిబ్బంది. వాళ్లలో ఓడ నడిపే రాబర్ట్ స్మాల్స్‌కి అప్పుడు 23 ఏళ్లు. మనకంటే కాస్త పెద్ద, అంతే.

కెప్టెన్ గడ్డి టోపీ పెట్టుకుని ఓడ కదిలించాడు. ఇంకో చోట దాక్కున్న భార్య హానాని, పిల్లల్ని, మిగతావాళ్ల కుటుంబాల్ని ఎక్కించుకున్నాడు. హానాని విడిపించడానికి ఆమె యజమాని అడిగింది 800 డాలర్లు. ఇతను కూడబెట్టింది 100. ఆ లెక్క ఎప్పటికి తేలాలి?

దారి పొడుగునా కోటలే. ఎక్కడ ఏ విజిల్ కొట్టాలో అతనికి కంఠతా వచ్చు. పాస్‌వర్డ్ కరెక్ట్ అయితే సిస్టమ్ ఎందుకు ఆపుతుంది! ఫోర్ట్ సమ్టర్ ఫిరంగులు దాటాక జెండా దించి తెల్ల దుప్పటి కట్టారు. కాల్చబోయిన ఉత్తరాది నేవీ ఓడ దాన్ని చూసి ఆగింది.

సినిమా అయితే ఇక్కడే శుభం కార్డు. కానీ అతను మళ్లీ అదే సముద్రంలోకి, ఈసారి ఉత్తరాది వైపు పైలట్‌గా వెళ్లాడు. 1863లో అతను నడిపిన 'కియోకక్' యుద్ధనౌకకి 90కి పైగా దెబ్బలు తగిలి, మర్నాడు మునిగిపోయింది. ఆ ఏడాది చివర్లో ప్లాంటర్ మీద కాల్పులు జరిగితే కెప్టెన్ వెళ్లి బొగ్గు గదిలో దాక్కున్నాడట. స్మాల్స్ ఓడని బయటపడేశాడు. టోపీ ఈసారి నిజంగానే అతనిదైంది.

చదవడం, రాయడం పెద్దయ్యాకే నేర్చుకున్నాడు. అందుకేనేమో, 1868లో రాష్ట్ర రాజ్యాంగ సభలో కూర్చున్నప్పుడు అందరికీ ఉచిత బడుల కోసం పట్టుబట్టాడు. తర్వాత రాష్ట్ర అసెంబ్లీ, సెనేట్, 1875 నుంచి కాంగ్రెస్. 1877లో లంచం కేసులో శిక్ష పడింది, 1879లో క్షమాభిక్ష వచ్చింది. ప్రత్యర్థులు అధికారంలోకి రాగానే పెట్టిన కేసు కాబట్టి నాకు అనుమానమే.

1895లో మళ్లీ రాజ్యాంగ సభ. ఈసారి పని నల్లవాళ్ల ఓటు తీసేయడం, అదీ చదువు పరీక్ష పేరుతో. 160 మందిలో నల్లవాళ్లు ఆరుగురు. స్మాల్స్ వాదించాడు, ఓడిపోయాడు. ఆ రాజ్యాంగం మీద సంతకం మాత్రం పెట్టలేదు.

1915లో బోఫోర్ట్‌లో, ప్రిన్స్ స్ట్రీట్ ఇంట్లో చనిపోయాడు. యుద్ధం టైంలో వేలంలో కొన్న ఇల్లది. అంతకుముందు అతని యజమానిది. దాని వెనక పాకలోనే అతను పుట్టాడు.