మౌలాలి గుట్ట కింద చందమామ

ట్యారో కార్డుల రీల్స్ ఈమధ్య ఊర్లల్ల పోరగాండ్లు సుత మస్తు సూస్తున్నరు. పేక ముక్కల లెక్క 78 కార్డులు, ఒక్కోదాని మీద ఒక బొమ్మ. ఆ బొమ్మ సూసి జాతకం చెప్పేటోళ్లు కొందరైతే, కవిత్వం కట్టేటోళ్లు ఇంకొందరు. ఈ కవులు సొంతంగ ఏం రాయరు. పాత పుస్తకాలల్ల, పేపర్లల్ల, బోర్డుల మీద ఉన్న మాటలనే ఏరుకొచ్చి బొమ్మ పక్కన పేరుస్తరు. దొరికిన మాటలతోని కట్టిన కవిత అన్నట్టు.

ఇయ్యాల లోకమంతా తిరుగుతున్న ఆ బొమ్మలను 1909ల లండన్ల గీసింది పమేలా కోల్మన్ స్మిత్ అనే ఆడామె. కని ఆ కార్డులకు ఆమె పేరు పడలేదు. అచ్చేసిన రైడర్ కంపెనీ పేరు, గీయించుకున్న వెయిట్ పేరు కలిపి రైడర్–వెయిట్ కార్డులన్నరు. చెయ్యి ఆమెది, పేరు వాళ్లది.

ఆ కార్డులల్ల 18వది చంద్రుడు. అసొంటి చంద్రుని పేరు పెట్టుకున్న కవయిత్రి ఒకామె మన ఉప్పల్, నాచారం పక్కన్నే పండుకొని ఉన్నది. ఆమె కతల సుత గిదే లొల్లి.

వరంగల్, జనగామ, యాదగిరిగుట్ట దిక్కు నుంచి బస్సుల వచ్చేటోళ్లకు పట్నం మొదలయ్యేది ఉప్పల్ కాడ. ఆడికెల్లి హబ్సిగూడ, నాచారం మీదికెళ్లి పోతే మౌలాలి గుట్ట వస్తది. గుట్ట కింద గోడల నడుమ ఒక తోట. అండ్ల ఒక తల్లి, ఒక బిడ్డ సమాధులున్నయి. తల్లి రాజ్ కున్వర్ బాయి. బిడ్డ మహ్ లఖా బాయి చందా.

చందా 1768ల పుట్టింది. ఆమె అమ్మమ్మ ఇంటి ఆసరా పోయి, బిడ్డలను పట్టుకొని గుజరాత్ దిక్కు నుంచి బయటపడ్డది. పాటగాళ్ల మేళంల కలిసి ఆ కుటుంబం దక్కన్‌కు చేరింది. పాట, ఆటనే వాళ్ల బతుకుదెరువు. తల్లి కడుపుతోని ఉన్నప్పుడు మౌలాలి గుట్ట కాడ ప్రాణం మీదికొచ్చిందట. గుట్ట మీది దర్గా నుంచి దారం తెచ్చి కట్టినంక కడుపుల బిడ్డ నిలిచిందట. ఆమె జీవితం రాసినోళ్లు చెప్పిన కత ఇది. నిజమెంతనో గని, చందా మాత్రం బతికినన్ని రోజులు ఆ గుట్టను ఇడిసిపెట్టలే.

రెండో నిజాం అలీ ఖాన్ కాలంల ఆమె పెద్దగైంది. దర్బారు ఉస్తాదుల దగ్గర సంగీతం, నాట్యం నేర్చింది. గుర్రం ఎక్కుడు, బాణం ఏసుడు సుత నేర్చింది. మగోళ్ల బట్టలేసుకొని, విల్లు పట్టుకొని నిజాంతోని మూడు దండయాత్రలకు పోయిందని చెప్తరు. ఆనాటి దక్కన్ చిత్రకారులు ఆమె బొమ్మలు గీసిన్రు. దర్బారు ఆమెకు పెట్టిన బిరుదు మహ్ లఖా. చంద్రుని అసొంటి మొఖం ఉన్నామె అని దానర్థం. జర ఆగి ఆలోచించున్రి. విల్లు పట్టిన చెయ్యి ఉన్నది, పాడిన గొంతు ఉన్నది, రాసిన కలం ఉన్నది. దర్బారుకు మాత్రం ముందుగాల కండ్లవడ్డది మొఖం.

ఆమె తన మాటలను తానే భద్రం చేసుకున్నది. 1798ల తన 125 గజళ్లను ఒక్కకాడ చేర్చి, అందంగ దివాన్ రాయించింది. ఒక్కో గజల్‌కు ఐదు ద్విపదలు. ఆఖరి ద్విపదల ఎక్కువగ మౌలా అలీని తలుచుకుంటది. ఉర్దూల దివాన్ కూర్చిన మొదటి ఆడామె ఆమెనే అని చానా ఏండ్లు అనుకున్నరు. తర్వాత లుత్ఫున్నిసా ఇంతియాజ్ దివాన్ బయటపడ్డది. అది ఒక ఏడాది ముందుది. ఆమె సుత దక్కన్ ఆడిబిడ్డనే. అంటే మొదటి ఇద్దరూ మన దిక్కోళ్లే.

ఆ దివాన్‌ను 1799ల ఒక నాట్యం నడుమ బ్రిటిష్ కెప్టెన్ జాన్ మాల్కంకు చందా కానుకగ ఇచ్చింది. ఇప్పుడది లండన్ బ్రిటిష్ లైబ్రరీల ఉన్నది. దక్కన్ల రాసిన ఆ పుస్తకం సూడాల్నంటే సముద్రం దాటాలె.

ఆమెకు జాగీర్లు దక్కినయి. జాగీరంటే ఆకాశంకెల్లి ఊడిపడ్డ పైస కాదు, రైతు కట్టిన శిస్తు. దర్బారు వైభోగమంతా ఆ చెమట మీదనే నడిచింది. ఈ మాట దాచిపెట్టి ఆమెను దేవతను చేసుడు తప్పు. కని ఆ పైస ఎటు పోయిందో సుత చెప్పాలె. దిక్కులేని ఆడపిల్లలను చేరదీసి సదువు, పాట నేర్పింది. దక్కన్ చరిత్ర రాయించింది. పుస్తకాలు కూడవెట్టింది. 1792ల తల్లి కోసం ఆ తోట, సమాధి కట్టించింది. తల్లి ఆటగత్తె అని సిగ్గుపడి మూలకు దాచలే, వచ్చే పొయ్యేటోళ్లకు కనవడేటట్టు నిలబెట్టింది. 1824ల తాను సచ్చిపోతే తల్లి పక్కన్నే పండబెట్టిన్రు.

సమాధి తోట దర్వాజ మీద చెక్కిన పద్యంల ఒక కిటుకున్నది. ఆ లిపిల ప్రతి అక్షరానికి ఒక అంకె ఉంటది. ఆమె స్వర్గం తొవ్వ పట్టిందని చెప్పే ఆఖరు ముక్కల అక్షరాలన్నీ కూడితే 1240 వస్తది. హిజ్రీ లెక్కల ఆమె పోయిన ఏడు అది. అంకెలల్ల అర్థం ఎతుక్కునేటోళ్లకు ట్యారో కార్డే కావాల్నా? నాచారం పక్కన రాయి సుత మాట్లాడుతది.

ఉస్మానియా యూనివర్సిటీ ఉన్న అడిక్‌మెట్ జాగ ఒకప్పుడు ఆమె జాగీరు. ఆమె పేరు మీద బావి ఇప్పటికీ క్యాంపస్ దిక్కు ఉన్నది. తెలంగాణ కోసం పోరగాండ్లు లాఠీ దెబ్బలు తిన్న నేల అది. ఆడ సదువుకున్న వేలమందికి గీ పేరు తెల్వదు. పాడువడ్డ సమాధి తోటను 2010 తర్వాత అమెరికా ప్రభుత్వం ఇచ్చిన పైసలతోని బాగు చేసిన్రు. మన ఇంటి దీపం పొరుగోడు ముట్టించినట్టయింది.

ఎందుకు మర్సిపోయినం? ఆమె ఆటగత్తె కాబట్టి. దర్బారుల కూసొని సూసిన నవాబులకు పేర్లున్నయి, వీధులున్నయి. ఆడినామెకు మాత్రం ఒక తిట్టు మిగిలింది. ఇయ్యాల సుత గంతే. ఊరి పొల్ల ఒక రీల్‌ల ఆడితే కింద కామెంట్లల్ల ఏం రాస్తున్నరో మీకు తెలుసు. ఆ వీడియో పదిసార్లు సూసినోడే పదకొండోసారి తిడ్తడు. రెండొందల ఏండ్లయినా సూసేటోని కన్ను మారలే.

ఉర్దూ రాకున్నా ఫికర్ లేదు. ఈసారి ఉప్పల్ల దిగినప్పుడు ఒక పూట తీసుకొని నాచారం మీదికెళ్లి మౌలాలికి పోన్రి. దర్వాజ మీది రాతను, తోటను, బారాదరిని సూడున్రి. యూనివర్సిటీల బావి కాడికి పోన్రి. దొరికిన మాటలతోని కవిత కట్టాల్నంటే మాటలు అక్కడే పడి ఉన్నయి. తల్లి, బిడ్డ, విల్లు, దివాన్, బావి, 1240. కట్టేటప్పుడు మొఖం సంగతి ఇడిసిపెట్టి, చేసిన పని ముందల పెట్టున్రి. పేరు మాత్రం పూర్తిగ రాయున్రి: మహ్ లఖా బాయి చందా.