డాక్టర్ లియో కానర్: తల్లిదండ్రుల దగ్గర నేర్చుకున్న వైద్యుడు



మూడేళ్ల బాబు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. బొమ్మ కారు ఇస్తే నేల మీద నడపడు, తిరగేసి చక్రాలు తిప్పుతూ గంటలకొద్దీ కూర్చుంటాడు. మగపిల్లలకు మాటలు ఆలస్యంగానే వస్తాయని నానమ్మ అంటుంది. ఫోన్ ఇచ్చి పాడుచేశారని ఎదురింటివారు అంటారు. తల్లి ఉద్యోగానికి వెళ్లడం వల్లే ఇలా అయ్యిందని పెళ్లిలో కలిసిన చుట్టాలు తేల్చేస్తారు. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల కాలనీల్లో ఇలాంటి మాటలు పడిన తల్లులు మీలోనూ ఉండవచ్చు. ఆ మాటలకు ఒక వైద్యుడి జీవితం సమాధానం చెబుతుంది. ఈ నెల ఆయన గురించి తెలుసుకుందాం.

పల్లె నుంచి బాల్టిమోర్ దాకా

లియో కానర్ 1894లో క్లెకోటివ్ అనే చిన్న పల్లెలో, ఒక యూదు కుటుంబంలో పుట్టారు. ఆ ఊరు అప్పట్లో ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉండేది, ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది. ఆయన బెర్లిన్‌లో వైద్యం చదివారు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత జర్మనీలో ధరలు ఆకాశాన్నంటి, బతకడమే కష్టమైంది. 1924లో కుటుంబంతో అమెరికా చేరి, సౌత్ డకోటాలోని ఒక మానసిక వైద్యశాలలో ఉద్యోగంలో కుదిరారు. నాలుగేళ్ల తర్వాత బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌కు వెళ్లారు. 1930లో అక్కడ పిల్లల మానసిక వైద్య విభాగాన్ని మొదలుపెట్టారు. 1935లో ఆయన రాసిన పుస్తకం, ఆ శాస్త్రానికి ఇంగ్లిష్‌లో వచ్చిన మొదటి పాఠ్యపుస్తకం.

బలహీనుల పక్షాన నిలబడడం ఆయన స్వభావం. బుద్ధిమాంద్యం ఉన్న అమ్మాయిలను ఆశ్రమం నుంచి విడిపించి, ధనికుల ఇళ్లలో పనిమనుషులుగా పెట్టుకుంటున్న దారుణాన్ని 1937లో బయటపెట్టారు. తీవ్రమైన మానసిక వైకల్యంతో పుట్టిన పిల్లల ప్రాణం తీయడం మేలని 1942లో ఒక పేరున్న వైద్యుడు వాదించినప్పుడు, అదే వైద్య పత్రికలో దాన్ని గట్టిగా ఖండించారు.

ముప్పై మూడు పేజీల ఉత్తరం

1938లో మిసిసిపి రాష్ట్రంలోని ఫారెస్ట్ అనే ఊరి నుంచి ఆయనకు ఒక ఉత్తరం వచ్చింది. టైపు చేసిన 33 పేజీలు. రాసింది ఒక లాయరు. అయిదేళ్ల కొడుకు డోనాల్డ్ ట్రిప్లెట్ గురించి తను చూసినదంతా అందులో పెట్టారు. పిల్లవాడు రెండున్నరేళ్లకే అమెరికా అధ్యక్షుల పేర్లు చెబుతాడు. కానీ నాన్న ఇంటికొస్తే తలెత్తి చూడడు. గిన్నెలు, మూతలు బొంగరాల్లా తిప్పుతాడు. తనకు కావాలి అనాల్సిన చోట నీకు కావాలి అంటాడు. వైద్యుల సలహా మీద అంతకుముందు వాళ్లు పిల్లవాణ్ని ఒక సంస్థలో ఉంచారు. ఏడాదికి మనసు ఒప్పక వెనక్కి తెచ్చుకున్నారు.

ఆ పిల్లవాణ్ని చూశాక, అలాంటి పిల్లలు మరికొందరు కానర్ దగ్గరికి వచ్చారు. 1943లో 11 మంది గురించి, ఎనిమిది మంది అబ్బాయిలు, ముగ్గురు అమ్మాయిల గురించి ఒక వ్యాసం రాశారు. నేడు మనం ఆటిజం అంటున్నదానికి వైద్యలోకంలో గుర్తింపు తెచ్చింది ఆ వ్యాసమే. ఇలాంటి పిల్లల గురించి 1925లోనే సోవియట్ వైద్యురాలు గ్రున్యా సుఖరేవా రాశారు గానీ, ఆ రచన చాలాకాలం మరుగున పడిపోయింది.

ఆయన చేసిన తప్పు

ఈ లక్షణం పుట్టుకతోనే వస్తుందని కానర్ ఆ వ్యాసంలోనే రాశారు. అయితే అదే వ్యాసంలో, ఈ పిల్లల తల్లిదండ్రుల్లో ఆప్యాయత తక్కువగా కనిపించిందనీ రాశారు. తనకు ఇంత మేలు చేసిన ఆ 33 పేజీల ఉత్తరంలో కూడా తండ్రి అతి పట్టింపు కనిపిస్తోందన్నారు. 1949లో ఇంకొక అడుగు వేసి, ఈ పిల్లలు మంచు కరగని ఫ్రిజ్‌లో పెట్టినట్టు పెరిగారని పోల్చారు.

ఆ పోలిక జనంలోకి పాకింది. ఇతరులు దాన్ని ఇంకా పెంచి, తల్లి ప్రేమ చాలకే ఆటిజం వస్తుందని పుస్తకాలు రాశారు. ఎందరో తల్లులు బిడ్డ భారంతో పాటు ఈ నిందనూ ఏళ్ల తరబడి మోశారు.

దాన్ని ఎదిరించినవాడూ ఒక తండ్రే. మనస్తత్వవేత్త బెర్నార్డ్ రిమ్లాండ్ కొడుక్కి ఆటిజం ఉంది. కారణం పెంపకం కాదు, మెదడు ఎదుగుదలలోని తేడా అని 1964లో ఆయన పుస్తకం రాశారు. దానికి ముందుమాట రాసింది స్వయంగా కానర్. 1969లో వాషింగ్టన్‌లో ఆటిజం పిల్లల తల్లిదండ్రుల సభలో, అప్పటికి 75 ఏళ్లున్న కానర్ లేచి, తల్లిదండ్రులందరినీ నిర్దోషులుగా ప్రకటించారు. సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆయన 1981లో కన్నుమూశారు.

డోనాల్డ్ ఏమయ్యాడు?

తొమ్మిదేళ్ల వయసులో డోనాల్డ్‌ను ఊరికి దగ్గర్లోనే ఒక రైతు దంపతుల ఇంట్లో ఉంచారు. వాళ్లు అతని పట్టుదలలను మాన్పించలేదు, పనిలోకి మళ్లించారు. మొక్కజొన్న సాళ్లు ఊరికే లెక్కపెడుతుంటే, దున్నుతూ లెక్కపెట్టమన్నారు. కొలతల పిచ్చి ఉంటే, బావి తవ్వి లోతు కొలిచి చెప్పమన్నారు. చూడడానికి వెళ్లిన కానర్ ఆశ్చర్యపోయారు. డోనాల్డ్ తర్వాత ఊళ్లోని హైస్కూల్లో, ఆపైన కాలేజీలో చదివి డిగ్రీ తీసుకున్నాడు. బ్యాంకులో ఉద్యోగం చేశాడు, గోల్ఫ్ ఆడాడు, ఎన్నో దేశాలు తిరిగాడు. 2023లో 89 ఏళ్ల వయసులో పోయాడు. పిల్లలందరికీ ఇదే దారి దొరకదు. కొందరికి జీవితాంతం తోడు కావాలి. కానీ అతన్ని తనవాడిగా చూసుకున్న ఊరు ఒకటుంది, అదే అతని అదృష్టం.

మన దారిలోనే

మేడ్చల్ నుంచి కొంపల్లి మీదుగా సికింద్రాబాద్ వెళ్లేటప్పుడు బోయిన్‌పల్లి వస్తుంది కదా. అక్కడి మనోవికాస్ నగర్‌లో 1984లో మొదలైన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. ఇప్పుడు దాన్ని నీపిడ్ అంటున్నారు. భారతీయ పిల్లల్లో ఆటిజాన్ని అంచనా వేసే 40 అంశాల కొలమానం తయారైంది అక్కడే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది.

ఏడాది దాటినా పేరు పెట్టి పిలిస్తే పలకకపోయినా, ఏడాదిన్నర దాటినా కావలసినది వేలితో చూపకపోయినా, వచ్చిన మాటలు పోయినా ఆగకండి. పిల్లల డాక్టరుకు చూపించండి. వెళ్లేముందు మీరు చూసినవన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. డోనాల్డ్ తండ్రి చేసింది అదే. మీ బిడ్డను మీకంటే ఎక్కువగా గమనించినవారు ఇంకెవరూ ఉండరు.

మీ ఇంట్లో అలాంటి బిడ్డ లేకపోతే మీరు చేయగలిగింది ఇంకొకటుంది. మీ పాప క్లాసులో ఎవరితోనూ కలవని పిల్లవాడు ఒకడుంటే, వచ్చే పుట్టినరోజుకు వాడినీ పిలవండి. వాళ్లమ్మనూ రమ్మనండి. తప్పు ఎవరిదని మాత్రం అడగకండి. ఆ తీర్పు 1969లోనే వచ్చేసింది.