సర్ ఆర్థర్ కాటన్

సర్ ఆర్థర్ థామస్ కాటన్ (1803 మే 15 – 1899 జూలై 24) బ్రిటిషు సైనికాధికారి, నీటిపారుదల ఇంజనీరు. ధవళేశ్వరం వద్ద గోదావరిపై ఆనకట్ట నిర్మించి డెల్టా ప్రాంతాన్ని సస్యశ్యామలం చేసినవాడిగా ఈయన తెలుగువారికి సుపరిచితుడు. అయితే కాటన్ దృష్టిలో ఆ ఆనకట్ట ఒక పెద్ద పథకంలో తొలి మెట్టు మాత్రమే. సముద్రతీరం నుండి భద్రాచలం, కాళేశ్వరం మీదుగా ప్రాణహిత, వార్ధా నదుల దాకా, అంటే ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల అంచుల వెంబడి, స్టీమర్లు నడిచే జలమార్గం ఏర్పరచాలని ఆయన సంకల్పించాడు. ఇరవై ఏళ్ళు సాగిన ఆ ప్రయత్నం 1871లో ఆగిపోయింది. కానీ ఆ జలమార్గం కోసం జరిగిన ఒప్పందం గోదావరి తీరపు తెలుగు పల్లెలను వేర్వేరు పాలనల కిందకు మార్చింది. దాని ఫలితం నేటి రాష్ట్రాల సరిహద్దులలో కనిపిస్తుంది.

బాల్యం, తొలి ఉద్యోగం

కాటన్ ఇంగ్లండులో హెన్రీ కాల్వెలీ కాటన్ పదకొండుమంది కుమారులలో పదవవాడిగా జన్మించాడు. ఈస్టిండియా కంపెనీ తన సైనికాధికారులకు శిక్షణ ఇవ్వడానికి ఆడిస్కోంబులో నడిపిన విద్యాలయంలో చదివి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరాడు. 1821లో భారతదేశానికి వచ్చాడు.

కాటన్ పెరిగిన కాలంలోనే బ్రిటనులో ఆవిరి పడవల యుగం మొదలైంది. 1812లో స్కాట్లండులోని క్లైడ్ నదిపై కామెట్ అనే స్టీమరు ప్రయాణికులను చేరవేయడం ప్రారంభించింది. ఇరుపక్కలా తెడ్ల చక్రాలు తిరుగుతూ సాగే ఇటువంటి స్టీమర్లు కొద్ది ఏళ్ళలోనే థేమ్స్ నదిపైనా, తీరపు పట్టణాల మధ్యా తిరిగాయి. సరుకులతో పాటు సెలవుదినాలలో సముద్రతీర విహారానికి వెళ్ళే జనాన్ని కూడా అవి మోసేవి. గాలివాటుతో పనిలేకుండా, ప్రవాహానికి ఎదురుగా సాగగల ఈ పడవలు నదులను రహదారులుగా మార్చగలవన్న నమ్మకం ఆ తరం ఇంజనీర్లలో బలపడింది.

కాటన్ తొలి ఉద్యోగాలలో ఒకటి కూడా నౌకామార్గానికి సంబంధించినదే. భారత భూభాగానికీ రామేశ్వరం దీవికీ మధ్యనున్న పాంబన్ జలసంధిని ఓడల రాకపోకలకు అనువుగా మార్చడం కోసం ఆయన సర్వే చేశాడు. 1824-26 మధ్య జరిగిన మొదటి బర్మా యుద్ధంలో పాల్గొన్నాడు. తరువాత తంజావూరు ప్రాంతంలో కావేరి పాయ అయిన కొల్లిడంపై ఆనకట్టలు నిర్మించాడు. 1836 నాటికి పూర్తయిన ఈ పనులు తంజావూరు వరి పొలాలకు నీటి భద్రత కల్పించాయి. చోళుల కాలపు కల్లణైని పరిశీలించి, ఇసుక పునాదిపై కట్టడం నిలిచే తీరును ఈయన అక్కడే గ్రహించాడు.

1837లో మద్రాసు సమీపంలోని రెడ్‌హిల్స్ వద్ద రాళ్ళు తరలించడానికి వేసిన చిన్న రైలు మార్గం కూడా కాటన్ పర్యవేక్షణలోనే రూపొందింది. భారతదేశంలో తొలి రైలు మార్గంగా దీనిని పేర్కొంటారు. తరువాతి కాలంలో రైళ్ళకన్నా జలమార్గాలే ఈ దేశానికి మేలని వాదించిన వ్యక్తి ఈ పనికి ఆద్యుడు కావడం విశేషం. 1841లో ఆయనకు ఎలిజబెత్ లియర్‌మంత్‌తో వివాహమైంది.

ధవళేశ్వరం ఆనకట్ట

1830లలో వచ్చిన కరువులు, తుఫానులు గోదావరి డెల్టాను కుంగదీశాయి. నది నిండుగా ప్రవహిస్తున్నా పొలాలకు నీరు అందేది కాదు. 1844లో కాటన్ ఆనకట్ట అవసరాన్ని వివరిస్తూ ప్రభుత్వానికి నివేదిక సమర్పించాడు. అనుమతి లభించాక 1847లో పనులు మొదలై 1852లో పూర్తయ్యాయి. నదిలోని లంకలను కలుపుతూ ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా ఆనకట్ట నిర్మించారు. పనుల నడుమ కాటన్ అనారోగ్యంతో సెలవుపై వెళ్ళగా ఛార్లెస్ ఓర్ బాధ్యతలు చూశాడు. స్థానికుడైన వీణం వీరన్న కూలీలను సమీకరించి పనులు నడిపించడంలో ముఖ్యపాత్ర వహించాడు.

ఈ ఆనకట్ట కింద తవ్విన ప్రధాన కాలువలు సాగునీటికే పరిమితం కాలేదు. వాటిపై లాకులు కట్టి పడవలు నడిచే వీలు కల్పించారు. ఒక్క ఖర్చుతో పంటా రవాణా రెండూ సాధించడం కాటన్ పద్ధతి. రాజమండ్రి నుండి కాకినాడ రేవు వరకు ధాన్యం పడవలపై చేరేది.

ఎగువ గోదావరి జలమార్గం

డెల్టా పనులు సాగుతుండగానే 1851 ప్రాంతంలో గోదావరి ఎగువ భాగాన్ని నౌకాయానానికి తెరిచే ఆలోచన రూపుదిద్దుకుంది. 1853లో బేరారు ప్రాంతం కంపెనీ పాలనలోకి వచ్చింది. ఆ తరువాత నాగపూరు రాజ్యాన్ని కూడా కంపెనీ కలుపుకుంది. ఈ రెండూ పత్తి పండే నల్లరేగడి నేలలు. అక్కడి పత్తి ఎద్దుల మీదా, బండ్ల మీదా నెలల తరబడి ప్రయాణించి బొంబాయి చేరేది. వార్ధా, ప్రాణహిత, గోదావరి నదుల మీదుగా అదే సరుకును తూర్పు తీరానికి చౌకగా దించవచ్చునని కాటన్ వాదించాడు. కరువు వచ్చినప్పుడు అదే దారిలో తిండిగింజలు లోతట్టు ప్రాంతాలకు చేరగలవన్నది ఆయన మరో వాదన. లాంకషైరు మిల్లు యజమానులకు మొదటి ప్రయోజనంపైనే ఆసక్తి ఎక్కువ. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోవడంతో ఈ పథకానికి వారి మద్దతు పెరిగింది.

నదిలో రాతి అడ్డంకులు మూడు చోట్ల ఉన్నాయి. మొదటిది భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం వద్ద ఉంది. రెండవది కాళేశ్వరానికి దిగువన, పాత కరీంనగర్ జిల్లా తీరంలోని ఇచ్ఛంపల్లి వద్ద ఉంది. నాటి ఆంగ్ల పత్రాలలో దీనిని ఎంచంపల్లి అని వ్రాశారు. మూడవది ప్రాణహితపై, ఆదిలాబాదు అడవులకు ఎదురు ఒడ్డున ఆహేరి ప్రాంతంలోని దేవలమర్రి వద్ద ఉంది. ఈ మూడింటి మధ్య ఉన్న నీటి పాయలు మాత్రం వర్షాకాలంలో పడవలకు అనువైనవి. అందువల్ల ప్రతి అడ్డంకి వద్ద ఆనకట్ట కట్టి, పక్కగా కాలువ తవ్వి, లాకుల ద్వారా పడవలను ఎక్కించి దించాలని నిర్ణయించారు. ఎఫ్.టి. హేగ్ అనే ఇంజనీరు ఈ పనులకు నాయకత్వం వహించాడు.

జలమార్గానికి రాజకీయ ఏర్పాటు కూడా జరిగింది. 1860లో నిజాం అఫ్జలుద్దౌలాతో కుదిరిన ఒప్పందం ప్రకారం గోదావరి ఎడమ ఒడ్డున నిజాముకున్న భద్రాచలం, రేకపల్లి, చర్ల, ఆల్బాక, నూగూరు, సిరోంచ తాలూకాలు బ్రిటిషువారికి దఖలు పడ్డాయి. నదిపై సాగే సరుకులకు సుంకాలు ఉండరాదని కూడా నిశ్చయించారు. ఈ తాలూకాలతో సిరోంచ కేంద్రంగా ఎగువ గోదావరి జిల్లా ఏర్పడింది. కుడి ఒడ్డు మాత్రం నిజాం రాజ్యంలోనే మిగిలింది. అప్పటి దాకా ఒకే రాజ్యంలో ఉన్న ఇరుదరులూ అలా వేరయ్యాయి.

వైఫల్యం

దుమ్ముగూడెం వద్ద ఆనకట్ట, కాలువ, లాకులు నిర్మించారు. వరద నెలల్లో తక్కువ లోతులో తేలే స్టీమర్లు, నాటు పడవలు నదిపై తిరిగాయి. ఇచ్ఛంపల్లి వద్ద పనులు మొదలైనా అసంపూర్తిగా మిగిలాయి. దట్టమైన అడవిలో మలేరియా జ్వరాలు కూలీలను, అధికారులను పీడించాయి. వేసవిలో నది పాయలుగా చీలి ఇసుక మేటలు తేలడంతో ఏడాదిలో కొన్ని నెలలు మాత్రమే ప్రయాణం సాధ్యమయ్యేది. మధ్యలో అడ్డంకులు తొలగనంత కాలం సరుకును ఒడ్డుకు దించి మళ్ళీ ఎక్కించవలసి రావడం వల్ల ఆశించిన లాభం దక్కలేదు.

ఇంతలో పరిస్థితులు మారాయి. 1865లో అమెరికా యుద్ధం ముగిసింది. 1867లో బొంబాయి నుండి రైలు నాగపూరు చేరింది. ఏడాది పొడవునా నడిచే రైలు ముందు, వరదపై ఆధారపడిన స్టీమరు నిలువలేకపోయింది. 1871 అక్టోబరులో ప్రభుత్వం పథకాన్ని విరమించింది. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలు మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలో కలిశాయి. సిరోంచ చాందా జిల్లాకు చేరింది.

విశ్రాంత జీవితం, విమర్శలు

కాటన్ 1860లో ఉద్యోగ విరమణ చేసి, 1861లో సర్ బిరుదు పొందాడు. ఇంగ్లండులో ఉంటూనే భారతదేశానికి రైళ్ళకన్నా కాలువలు అవసరమని పుస్తకాలు, ఉపన్యాసాల ద్వారా ప్రచారం చేశాడు. 1876-78 నాటి దక్షిణ భారత కరువులో లక్షలాది ప్రజలు మరణించిన తరువాత ఈ వాదానికి బ్రిటనులో శ్రోతలు పెరిగారు. 1878లో పార్లమెంటు సంఘం ఆయనను విచారించింది. ఎగువ గోదావరి వైఫల్యాన్నీ, ఆయన ప్రోత్సహించిన కర్నూలు-కడప కాలువ కంపెనీ నష్టాలనూ ప్రత్యర్థులు ఎత్తి చూపారు. పనులను సగంలో వదిలివేయడమే వైఫల్యానికి కారణమన్నది కాటన్ పక్షం. మధ్య భారత నదులలో వేసవి నీటిమట్టాన్ని ఆయన సరిగా అంచనా వేయలేదన్నది విమర్శకుల పక్షం. తూర్పు తీరపు డెల్టాలలో విజయవంతమైన పద్ధతి రాతి నేలల గుండా సాగే నదికి అదే రీతిలో వర్తించలేదు.

కాటన్ 1899 జూలై 24న ఇంగ్లండులోని డోర్కింగులో మరణించాడు. ఆయన కుమార్తె లేడీ హోప్ వ్రాసిన జీవితచరిత్ర 1900లో వెలువడింది.

వారసత్వం

పాత ఆనకట్ట స్థానంలో 1982 నాటికి నిర్మించిన బ్యారేజీకి కాటన్ పేరు పెట్టారు. ధవళేశ్వరంలో ఆయన పేరిట ప్రదర్శనశాల ఉంది. డెల్టా గ్రామాలలో ఆయన విగ్రహాలు అనేకం కనిపిస్తాయి. ఎగువన ఇటువంటి స్మృతిచిహ్నాలు అరుదు. అక్కడ ఆయన పథకానికి సాక్ష్యంగా మిగిలినది దుమ్ముగూడెం ఆనకట్ట. 1959లో భద్రాచలం ప్రాంతం ఖమ్మం జిల్లాలో చేరింది. 2014లో రాష్ట్ర విభజనతో ఆ ప్రాంతపు మండలాలలో కొన్ని ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళగా భద్రాచలం పట్టణం తెలంగాణలో నిలిచింది. తెలుగు మాట్లాడే జనం గణనీయంగా ఉన్న సిరోంచ మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో ఉంది.

భద్రాచలం నుండి రాజమండ్రి వరకు 171 కిలోమీటర్ల గోదావరిని 2008లో జాతీయ జలమార్గం-4లో భాగంగా ప్రకటించారు. ఆ దారిలో పాపికొండల నడుమ నడిచే లాంచీలు విహారయాత్రికులను తీసుకువెళ్తాయి. కాళేశ్వరానికి ఎగువన ప్రాణహితపై పత్తి స్టీమర్లు నడపాలన్న కాటన్ సంకల్పం మాత్రం నెరవేరలేదు.