జీవన వేతనం కోసం పదవిని వదులుకున్న కార్మిక నేత వి.వి.గిరి

భారతరత్న వరాహగిరి వెంకటగిరి దేశ నాలుగవ రాష్ట్రపతిగా సుప్రసిద్ధులు. అయితే ఆ పదవిని అధిష్ఠించడానికి దాదాపు అర్ధ శతాబ్దం ముందే ఆయన రైల్వే కార్మికుల నాయకులుగా ప్రజాజీవితంలో స్థానం సంపాదించుకున్నారు. చిరుద్యోగి వేతనాన్ని యాజమాన్యం, కార్మిక సంఘం సమాన హోదాలో కూర్చుని నిర్ణయించుకోవాలని, అలా కుదిరిన వేతనాన్ని ప్రభుత్వం సైతం గౌరవించాలని ఆయన విశ్వసించారు. శ్రీకాకుళం జిల్లా ప్రజలకు తొలి లోక్‌సభలో ప్రాతినిధ్యం వహించిన ఈ నాయకుని జీవితం, తక్కువ కూలికి పనిచేసే వారి సమస్యతో ఆద్యంతం ముడిపడి ఉంది.

గిరి 1894 ఆగస్టు 10న నాటి మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లా బరంపురంలో తెలుగు కుటుంబంలో జన్మించారు. తండ్రి జోగయ్య పంతులు పేరొందిన న్యాయవాది. న్యాయశాస్త్రం అభ్యసించేందుకు గిరి 1913లో ఐర్లండ్ రాజధాని డబ్లిన్ వెళ్లారు. అదే సంవత్సరం ఆ నగరంలో సంఘంలో చేరిన కార్మికులను యజమానులు పనిలోకి రానివ్వక నెలల తరబడి లాకౌట్ సాగించారు. ఐరిష్ స్వాతంత్ర్యోద్యమం, అక్కడి కార్మికోద్యమం గిరిపై గాఢమైన ప్రభావం చూపాయి. 1916 నాటి ఈస్టర్ తిరుగుబాటు అనంతరం ఆయన ఐర్లండ్ విడిచి రావలసి వచ్చింది. స్వదేశంలో న్యాయవాద వృత్తి చేపట్టినప్పటికీ జాతీయోద్యమం, కార్మికోద్యమం ఆయనను త్వరలోనే తమవైపు ఆకర్షించాయి.

గంజాం నుంచి విశాఖపట్నం వరకు గల తీరప్రాంతంలోని పేదలకు ఆ రోజులలో దూరపు నగరమే ఉపాధి చూపేది. కళింగపట్నం, బారువ రేవుల నుంచి ఓడలెక్కి ఎందరో రంగూన్ వెళ్లి అక్కడి రేవులోనూ, మిల్లులలోనూ కూలీలుగా పనిచేశారు. ఇదే ప్రాంతం మీదుగా సాగిన బెంగాల్ నాగపూర్ రైల్వే మార్గం మరెందరినో ఖరగ్‌పూర్ వర్క్‌షాపుకు, కలకత్తాకు చేర్చింది. ఖరగ్‌పూర్‌లో తెలుగువారు పెద్దసంఖ్యలో స్థిరపడడానికి ఈ వలసలే మూలం. చేరిన చోట బంధుబలగం లేక, భాష రాక, మేస్త్రీ చెప్పిన కూలికే తల వంచవలసిన స్థితిలో ఉన్నవారికి సంఘం ఒక్కటే ఆసరా అని గిరి గ్రహించారు.

ఆ గ్రహింపుతోనే ఆయన బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను సంఘటితం చేశారు. అఖిల భారత రైల్వేమెన్ సమాఖ్య వ్యవస్థాపకులలో ఆయన ఒకరు. 1926లోనూ, తిరిగి 1942లోనూ అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు. 1927లో జెనీవా అంతర్జాతీయ కార్మిక మహాసభకు, 1931లో లండన్ రెండవ రౌండ్ టేబుల్ సమావేశానికి కార్మికుల ప్రతినిధిగా హాజరయ్యారు. సిబ్బంది తగ్గింపును ప్రతిఘటిస్తూ 1927-28 కాలంలో ఖరగ్‌పూర్ కార్మికులు సాగించిన పోరాటంలో శాంతియుత మార్గాన్ని వీడకుండా వారికి నాయకత్వం వహించారు.

1937 ఎన్నికలలో బొబ్బిలి రాజాపై గిరి సాధించిన విజయం నాడు సంచలనం కలిగించింది. రాజాజీ మంత్రివర్గంలోనూ, 1946లో ప్రకాశం పంతులు మంత్రివర్గంలోనూ ఆయన కార్మిక, పరిశ్రమల శాఖలు నిర్వహించారు. క్విట్ ఇండియా ఉద్యమకాలంలో కారాగారవాసం అనుభవించారు. స్వాతంత్ర్యానంతరం సిలోన్‌లో భారత హైకమిషనర్‌గా పనిచేశారు. 1952లో నరసన్నపేటకు పొరుగునే గల పాతపట్నం లోక్‌సభ నియోజకవర్గం నుంచి ఎన్నికై నెహ్రూ మంత్రివర్గంలో కార్మికశాఖ మంత్రి అయ్యారు.

అప్పటికే 1948 కనీస వేతనాల చట్టం అమలులో ఉంది. కార్మికులందరికీ జీవన వేతనం లభింపజేసే కృషి రాజ్యాంగంలోని 43వ అధికరణం ప్రకారం ప్రభుత్వ బాధ్యత అయింది. కనీస వేతనం మనుగడకు ఆధారం కాగా, జీవన వేతనం పిల్లల చదువు, వైద్యం, వృద్ధాప్య భద్రతలతో కూడిన గౌరవప్రదమైన బ్రతుకుకు ఆధారం. ఈ రెంటి మధ్య దూరాన్ని ప్రధానంగా సంప్రదింపుల ద్వారా తగ్గించాలన్నది గిరి విధానం. ప్రతి వివాదాన్నీ ట్రిబ్యునల్‌కు నివేదించడం వల్ల ఇరుపక్షాలూ తీర్పులకు అలవాటుపడి, సంఘాలు బలహీనపడతాయని ఆయన భావించారు.

1954లో ఆయనకు పరీక్షాసమయం ఎదురైంది. బ్యాంకు ఉద్యోగుల వేతనాలపై కార్మిక అప్పీలు ట్రిబ్యునల్ ఇచ్చిన నిర్ణయాన్ని కేంద్ర ప్రభుత్వం ఉద్యోగులకు నష్టం కలిగే రీతిలో సవరించింది. ట్రిబ్యునళ్లపై తనకు ఎంత విముఖత ఉన్నప్పటికీ, వెలువడిన నిర్ణయాన్ని ప్రభుత్వమే కుదించడాన్ని గిరి సమ్మతించలేదు. మంత్రి పదవికి రాజీనామా చేశారు. అనంతరం ప్రభుత్వం ఈ విషయమై విచారణ సంఘాన్ని నియమించి, 1955లో చట్టం తీసుకురావలసి వచ్చింది.

1957లో పార్వతీపురం నుంచి పోటీచేసి ఓడిపోయిన పిదప గిరి ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాల గవర్నరుగా పనిచేశారు. 1967లో ఉపరాష్ట్రపతిగా, 1969లో స్వతంత్ర అభ్యర్థిగా నిలిచి రాష్ట్రపతిగా ఎన్నికయ్యారు. ఆయన పదవీకాలం చివరి నెలలలోనే, 1974 మే మాసంలో, దేశవ్యాప్త రైల్వే సమ్మె జరిగింది. ఆ సమ్మెలో అగ్రభాగాన నిలిచినది ఒకనాడు ఆయన ప్రాణం పోసిన సమాఖ్యే. సమ్మెను ప్రభుత్వం కఠినంగా అణచివేసింది. సమాన హోదాలో సంప్రదింపులు అనే ఆయన సూత్రం ఎంత అవసరమో, దాని అమలు ఎంత కష్టమో ఈ ఘటన తెలియజేసింది.

1975లో ఆయనకు భారతరత్న పురస్కారం లభించింది. 1980 జూన్‌లో మద్రాసులో పరమపదించారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థ ఆయన పేరుతో కార్మిక సమస్యలపై పరిశోధన, శిక్షణ కొనసాగిస్తున్నది.

నరసన్నపేట పరిసర గ్రామాల నుంచి విశాఖపట్నం, హైదరాబాద్, చెన్నై నగరాలకు భవన నిర్మాణ పనులకు వెళ్లే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. వీరిలో అధికులకు సంఘం లేదు. బేరమాడే బలమూ లేదు. గిరి ఆశించిన సంప్రదింపుల బల్ల వద్ద వీరికి స్థానం దక్కేవరకు చట్టం నిర్దేశించిన కనీస వేతనమే వీరికి రక్షణ. దానిని పనిచేసే చోట అక్షరాలా అమలుపరచడమే ఆ కార్మిక నేతకు అర్పించగల నిజమైన నివాళి.