కోడి రామమూర్తిగారు – జరగని పోటీలు

సాయంత్రం పేపర్లు చదవడం అయ్యాక మన సంఘం గదిలో మొదలయ్యే వాదాల్లో ఒకటి ఎన్నేళ్ళైనా తెగదు. కోడి రామమూర్తి నాయుడుగారూ గామా పహిల్వానూ గోదాలోకి దిగితే గెలుపెవరిది? శాండోతో తలపడి ఉంటే ఏమయ్యేది? ఒక మిత్రులు దారాసింగును తెస్తారు, మరొకరు మహమ్మద్ అలీని దింపుతారు. డి.ఎ. బకాయిల సంగతి అంతటితో మూలపడుతుంది. ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగితే, ఆ మహానుభావుని జీవితం గురించే రాద్దామనిపించింది.

ఈ సరదా మనకొక్కరికే లేదు. అమెరికాలో 1970 జనవరిలో ఇలాంటి పోటీనే ఒకటి సినిమాగా చూపించారు. వేర్వేరు కాలాల్లో హెవీవెయిట్ ఛాంపియన్లయిన రాకీ మార్సియానో, మహమ్మద్ అలీల వివరాలు కంప్యూటరుకు ఇచ్చి, ఇద్దరి చేతా కెమెరా ముందు ఉత్తుత్తి దెబ్బలు కొట్టించారు. పదమూడో రౌండులో మార్సియానో గెలిచినట్టు చూపారు. అది చూసుకోవడానికి ఆయన లేడు. 1969 ఆగస్టులోనే విమాన ప్రమాదంలో పోయాడు.

మన గుంటూరు, ప్రకాశం రైతుకు ఈ విషయంలో కంప్యూటరు అక్కరలేదు. తిరునాళ్ళలో బండలాగుడు పందాలు చూడండి. ఏ జత గిత్తలూ ఇంకో జతతో కొమ్ములు కలపవు. అదే బండ, అదే బరి, అన్ని నిమిషాలే. ఎంత దూరం లాగాయో టేపు పెట్టి కొలుస్తారు. దానికీ ముందు నోరు తెరిపించి పళ్ళు చూసి, రెండు పళ్ళ గిత్తలను ఒక విభాగంలో, ఆరు పళ్ళవాటిని ఒక విభాగంలో కడతారు. బండ ఒకటే అయితే ఎదురుపడని వాటిని కూడా పోల్చవచ్చు. రామమూర్తిగారి విషయంలో తగాదా అంతా ఆ బండ దగ్గరే.

ఆయన పుట్టింది ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో, 1880ల తొలి సంవత్సరాలలో. తల్లి చిన్నతనంలోనే పోయారు. విజయనగరంలో పినతండ్రి నారాయణస్వామిగారి దగ్గర పెరిగారు. చదువు మీద కంటే వ్యాయామశాల మీద మనసెక్కువ. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో డ్రిల్లు మాస్టరుగా పనిచేశారు. మనలాగే జీతం రాళ్ళు తెచ్చుకున్న మనిషి అన్నమాట. ఆ ఉద్యోగం వదిలి సర్కస్ కంపెనీ పెట్టి దేశమంతా తిరిగారు.

ప్రదర్శనలో ఛాతీ చుట్టూ ఇనుప గొలుసు బిగించేవారు. ఆయన ఊపిరి పూరించేసరికి అది తెగిపోయేది. రెండు చేతులకూ గొలుసులతో రెండు కార్లు కట్టి చెరొక వైపు పోనిస్తే, కదలనిచ్చేవారు కాదు. రొమ్ము మీద బల్ల పరిచి దానిపై ఏనుగును నిలిపేవారు. బల్ల ఉంటే బరువు పరుచుకుంటుంది కదా అని మనలో ఒక రిటైర్డ్ ఇంజనీరు మిత్రుడు తేల్చేస్తారు. నిజమే, కానీ పట్టిన ఊపిరి ఒక్క క్షణం జారితే పక్కటెముకలు మిగలవు. కండతో పాటు ప్రాణాయామమే ఆయన పెట్టుబడి. శాకాహారి, ఆంజనేయ భక్తుడు అని చెబుతారు.

ఆ కాలం కూడా చూడాలి. 1905 నాటి బెంగాల్ విభజన, స్వదేశీ ఉద్యమం రోజులవి. భారతీయుడు బలహీనుడని దొరలు పుస్తకాల్లో రాసుకుంటున్న రోజుల్లో ఒక తెలుగువాడు డేరా వేసి ఇనుము తెంచి చూపాడు. అందుకే వైస్రాయి మింటో కారును కదలనివ్వలేదనీ, లండనులో రాజదంపతుల ముందు ప్రదర్శన ఇచ్చి ఇండియన్ హెర్క్యులస్ అనిపించుకున్నారనీ, స్పెయిన్‌లో ఎద్దు కొమ్ములు పట్టి పడేశారనీ కథలు కథలుగా చెప్పుకున్నారు. కలియుగ భీముడన్న పేరు అలా నిలిచింది. మా చిన్నతనంలో పత్తి బోరెం ఒక్కడే ఎత్తిన కుర్రాణ్ణి వీడేమన్నా కోడి రామ్మూర్తా అనేవారు.

ఇక శాండో. 1867లో జర్మన్ గడ్డ మీద పుట్టిన ఈయన కూడా గొలుసులు తెంచినవాడే, తన మీద పరిచిన బల్లపై గుర్రాలను నడిపించినవాడే. 1905 ప్రాంతంలో మన దేశంలో పర్యటించాడు. రామమూర్తిగారు సవాలు చేస్తే తప్పుకున్నాడని మన పెద్దలు చెప్పేవారు. వినడానికి ఎంత బాగుంటుందో! కానీ ఒకరిది గుర్రం, ఒకరిది ఏనుగు. ఎవరి గొలుసు వారిది. బండ ఒకటి కానప్పుడు టేపు పట్టి లాభం లేదు. ఊపిరి పట్టడంలో మాత్రం నా ఓటు మనవారికే.

గామాతో అయితే నా లెక్క వేరు. అది బండలాగుడు కాదు, మనిషిని మనిషి పట్టుకునే విద్య. గామా 1910 సెప్టెంబరులో లండనులో జిబిస్కోతో రెండున్నర గంటలు పట్టుబట్టి డ్రా చేసుకున్నాడు. 1928లో పటియాలాలో అదే జిబిస్కోను నిమిషం లోపే చిత్తు చేశాడు. రామమూర్తిగారికి కుస్తీ తెలియకపోలేదు గాని రోజూ చేసిన పని అది కాదు. గోదాలో గామాయే. ఈ మాటకు మన గదిలో నాతో రెండు రోజులు మాట్లాడని వారున్నారు!

అసలు ఈ వాదాల్లో మనం దింపేది ఏ రామమూర్తిగారిని? ముప్పయ్యేళ్ళ రామమూర్తిగారినే. గిత్తకు పళ్ళు చూస్తాం గాని మనిషికి చూడం. చివరి సంవత్సరాలలో ఆయన కాలికి పుండు పుట్టి, ఆపరేషన్ చేసి ఒక కాలు తీసేశారు. రెండు కార్లను ఆపినప్పుడు నేలను తన్నిపట్టిన కాళ్ళలో ఒకటది. గడించిన డబ్బు నిలవలేదు. సర్కస్ పోయింది. పెన్షనా, మెడికల్ రీయింబర్స్‌మెంటా, ఏదీ లేదు. ఒడిశా సంస్థానాల రాజుల ఆదరణలో బతికారు. శాండో 1925లో లండనులో పోతే సమాధి మీద చాలాకాలం పేరైనా లేదు. గామా 1960లో లాహోరులో మందులకు ఇబ్బంది పడుతూ పోయాడు.

రామమూర్తిగారు 1942 జనవరిలో, సంక్రాంతి రోజుల్లో, బొలంగీర్‌లో కన్నుమూశారు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. విశాఖ బీచ్ రోడ్డులో విగ్రహం ఉంది. అందులో రెండు కాళ్ళూ ఉన్నాయి.