ఆరుద్ర - మన ఊళ్ళో ఒక అధివాస్తవిక కవి

గోడపత్రికకి ఎవరి గురించి రాస్తావని అడిగితే అందరూ శ్రీశ్రీ పేరే చెప్తారు. నేను ఆయనకి మేనల్లుడైన ఆరుద్ర గురించి రాస్తున్నాను. సినిమా పాటల వల్ల మనకి ఆయన పేరు తెలుసు గానీ, 'త్వమేవాహం' రాసిన మనిషి ఆయనేనని మన క్లాసులో చాలామందికి తెలీదు.

అసలు పేరు భాగవతుల సదాశివ శంకర శాస్త్రి. 1925 ఆగస్టు 31న విశాఖపట్నంలో పుట్టారు. చదువు మధ్యలో వదిలి 1943లో వైమానిక దళంలో, అదీ బ్యాండులో చేరారు! యుద్ధం అయ్యాక మద్రాసు వచ్చి 'ఆనందవాణి' వారపత్రికకి సంపాదకత్వం చేశారు. చేతిలో డబ్బులేని రోజులు చాలానే గడిచాయి.

రజాకార్ల కాలంలో తెలంగాణలో ఒక స్త్రీ మీద జరిగిన అఘాయిత్యం వార్త పేపర్లో చదివి ఆయన కదిలిపోయారు. దాన్నుంచే 1949లో 'త్వమేవాహం' వచ్చింది. త్వమేవాహం అంటే నువ్వే నేను. పారిస్‌లో ఆంద్రే బ్రెతాన్ 1924లో అధివాస్తవికత గురించి ప్రకటన చేశాక, కలలో లాగా పొంతన లేని బొమ్మలు పక్కపక్కన పెట్టి రాసే పద్ధతి దేశదేశాలకీ పాకింది. తెలుగులో ఆ దారి తొక్కినవాళ్ళు కొద్దిమందే. ఆ కావ్యంలో భాగాలకి కాలాన్ని కొలిచే సాధనాల పేర్లు పెట్టారు ఆరుద్ర. చావు కూడా ఒక పాత్రలాగా వచ్చి మాట్లాడుతుంది.

నేను రెండుసార్లు చదివాను, సగం అర్థమైంది. అయినా ఒక మాట చెప్పాలి. ఆ స్త్రీ బాధని కవి ఇంత కష్టమైన మాటల వెనక దాచేశారేమో అని మొదట కోపం వచ్చింది. తర్వాత అనిపించింది: పేపర్లో అది నాలుగు లైన్లు, చదివి మడిచి పక్కన పెట్టేస్తాం. ఇది అలా మడిచి పెట్టడం కుదరదు, ప్రతి లైను దగ్గరా ఆగాల్సిందే. అయితే ఆ స్త్రీ గొంతు అందులో ఇంకా గట్టిగా వినిపించి ఉండాల్సిందని ఇప్పటికీ అనుకుంటాను.

నాటకాలూ రాశారు: 'రాదారి బంగళా', 'సాలభంజికలు', 'ఉద్గీత'. ఇల్లు గడవడానికి సినిమా ఉండనే ఉంది. 'సాక్షి', 'ముత్యాలముగ్గు' పాటలు మన అమ్మలు ఇప్పటికీ పాడతారు. డిటెక్టివ్ కథలు, చదరంగం మీద వ్యాసాలు కూడా రాశారంటే మీరు నమ్మరు.

1954లో పెళ్ళి చేసుకున్నారు, కె. రామలక్ష్మిగారిని. ఆవిడని ఆరుద్ర భార్య అని మాత్రమే చెప్పడం నాకు నచ్చదు. 'విడదీసే రైలుబళ్ళు' రాసిన రచయిత్రి ఆవిడ, పెళ్ళికి ముందే కథకురాలు. ఒకే ఇంట్లో రెండు కలాలు, ముగ్గురు ఆడపిల్లలు. బల్ల ఎవరికి దొరికేదో!

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం'. 1960లలో పన్నెండు సంపుటాలుగా వచ్చింది. యూనివర్సిటీ ఉద్యోగం లేదు, చేతిలో డిగ్రీ లేదు. సినిమా పాట ట్యూన్‌కి కూర్చోవాల్సిన మనిషి తాళపత్రాల మధ్య కూర్చున్నారు. పండితులు చెయ్యాల్సిన పని ఒక పాటల రచయిత చేశాడంటే మనం సిగ్గుపడాలా, సంతోషించాలా? కవుల్ని ఏ రాజుల కాలంలో ఉన్నారో ఆ యుగాల కింద పెట్టి, రాజకీయం, బతుకుతెరువు కలిపి చెప్పారు. అందులో నాయకరాజుల యుగం మనం తప్పక చదవాలి. మనకి ఒక రాత్రి ప్రయాణం దూరంలో ఉన్న తంజావూరులో రామభద్రాంబ సంస్కృతంలో, రంగాజమ్మ తెలుగులో కావ్యాలు రాశారు. తమిళనాడులో తెలుగెందుకు చదువుతున్నావని బస్సులో ఎవరైనా అడిగితే నేనిప్పుడు రంగాజమ్మ పేరు చెప్తున్నాను.

'గురజాడ గురుపీఠం'కి 1987లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 1998 జూన్ 4న ఆరుద్ర కన్నుమూశారు.